డెబ్బై గుర్రాల వాహనం

సోమవారం పొద్దున పరంధామయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు ఇంట్లోంచి బయటపడాలి. రేణిగుంట రోడ్డులోని షోరూముకు వెళ్లి బండి నడిపి చూడాలి. మధ్యాహ్నం భోజనానికి ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చి కూర్చోవాలి. ఈ మధ్యలో ఏం జరిగిందన్నది భార్య చంద్రకాంతమ్మకు తెలియకూడదు.

"యాడికి?" అంది ఆమె, వంటింట్లోంచి తల బయట పెట్టకుండానే.

"కరెంటు బిల్లు కట్టేదానికి."

"ఫోన్లోనే కట్టచ్చని మన బైరాగిపట్టెడ వీధులన్నీ తిరిగి చెప్పింది నువ్వే గదా? కరెంటాఫీసులో చేసి రిటైరైనోడివి, నువ్వు పోయి లైన్లో నిలబడతావా?"

"ఆఫీసును చూసి శానా రోజులైంది. పోయొస్తా."

ఇంకో ప్రశ్న వచ్చేలోపే పరంధామయ్య మెట్లు దిగాడు. సొంత భార్యకు అబద్ధం చెప్పాల్సి వచ్చిందన్న బాధ అతనికి ఏ కోశానా లేదు. ఉన్నదల్లా కోపం. అరవై దాటిన మనిషి తన డబ్బుతో తాను బండి కొనుక్కోవడానికి దొంగలా వెళ్లాల్సి రావడమేమిటి?

తప్పంతా లీలామహల్ సెంటర్లో అడ్డొచ్చిన ఆవుది. ఆ రోజు పరంధామయ్య పాత స్కూటరు మీద నుంచి పడ్డాడు. మోచెయ్యి దోక్కుపోయింది, అంతే. ఆవు వెనక్కి తిరిగైనా చూడలేదు. కానీ చంద్రకాంతమ్మ మర్నాడే ఆ స్కూటరును పాలబ్బాయికి ఇచ్చేసింది. 'బైకు' అన్న మాట ఇంట్లో వినబడకూడదని శాసనం చేసింది. అప్పటినుంచి పరంధామయ్య షేర్ ఆటోల్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని తిరుగుతున్నాడు.

ఆరు నెలలుగా అతను రహస్యంగా ఒక పరిశోధన చేస్తున్నాడు. స్నేహితుడు రాజారత్నంతో కలిసి కన్యాకుమారికి, అక్కణ్ణుంచి పడమటి తీరం వెంబడి గోవా దాకా బండి మీద వెళ్లాలన్నది ఉద్యోగంలో ఉన్నప్పటి కోరిక. దానికి ఏ బండి కావాలి? డుగుడుగు మోత మోగే బరువు బండ్లు నడుముకు పనికిరావు. కుర్రాళ్లు నడిపే రేసు బండ్లు ఎక్కితే ట్యాంకు మీద బోర్లా పడుకోవాలి, మణికట్లు పట్టేస్తాయి. కొండలెక్కే బండ్లు నిచ్చెన వేసుకుని ఎక్కేంత ఎత్తు. చివరికి తేలింది స్పోర్ట్ టూరింగ్ బండి. ముందర గాలిని ఆపే అద్దం, నిటారుగా కూర్చునే వీలు, గంటల తరబడి కూర్చున్నా నొప్పి పుట్టని సీటు, సామాను కోసం రెండువైపులా పెట్టెలు. వేగం వేగమే, సుఖం సుఖమే. ఈ వయసుకు ఇంతకన్నా తెలివైన ఎంపిక లేదని పరంధామయ్య తీర్మానించాడు. ఈ తెలివిని మెచ్చుకునే మనిషి ఇంట్లో లేకపోవడమే అతని బాధ.

షోరూము కుర్రాడు రూపేష్‌కు అతను ముందే గట్టిగా చెప్పి ఉంచాడు. "ఫోన్ జేస్తే బైకు అనే మాట నీ నోట్లోంచి రాకూడదు. వాహనం అను. గౌరవంగా ఉంటాది, మా ఇంట్లోవాళ్లకు అర్థం గాదు."

జాగ్రత్తలన్నీ తీసుకున్నాడు. ఒక్కటే మర్చిపోయాడు. ఫోను హాల్లో ఛార్జింగులో ఉంది.

అతను వీధి మలుపు తిరిగీ తిరగకముందే అది మోగింది. చంద్రకాంతమ్మ చెయ్యి తుడుచుకుని ఎత్తింది.

"పరంధామయ్య సారా?"

"ఆయన లేరు. మేము ఆయన ఇంట్లోవాళ్లం."

అవతల రూపేష్ పాఠం అప్పజెప్పాడు. "అమ్మా, సార్ అడిగిన వాహనం వచ్చి ఉండాది. చెప్తారా?"

మిగతా ఊళ్లలో వాహనమంటే చక్రాలుండేది. తిరుపతిలో అలా కాదు. ఇక్కడ చక్రాలుండేదాన్ని బండి అంటారు. వాహనమంటే స్వామి ఎక్కి మాడవీధుల్లో ఊరేగేది. పెద్దశేష వాహనం, గరుడ వాహనం, గజ వాహనం. ఈ సంగతి తిరుపతిలోనే పుట్టి పెరిగిన పరంధామయ్యకు తట్టలేదు.

చంద్రకాంతమ్మ గొంతు మారిపోయింది. "ఏం వాహనమప్పా? గరుడుడా?"

అదేదో కొత్త మోడలు పేరనుకున్నాడు రూపేష్. "అది కాదమ్మా. ఎట్ల చెప్పాల... గుర్రాల లెక్కలో చెప్తే..."

"గుర్రమా!"

"ఒకటి గాదమ్మా. డెబ్బై గుర్రాలు!"

"డెబ్బయ్యా? సూర్యనారాయణమూర్తి రథానికే ఏడు గదప్పా?"

"ఆయనది పాత మోడలమ్మా," అన్నాడు రూపేష్, వ్యాపారం మీది భక్తితో.

"మరి ఆయన నాకొక మాటన్నా చెప్పలేదే?"

"ఇంట్లో తెలీకూడదన్నారమ్మా. ఎన్నో ఏండ్ల కోరికంట. అంతా అయినాక చెప్తానన్నారు."

ఫోను పెట్టేసి చంద్రకాంతమ్మ పూజగది ముందు కూలబడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. గుప్తదానం! తన మొగుడు గుప్తదానం చేస్తున్నాడు!

ఆమె పుట్టిల్లు కార్వేటినగరం దాటాక వచ్చే అగరంకండ్రిగ. అక్కడి వేణుగోపాలస్వామి గుడిలో కొయ్యతో చేసిన అశ్వవాహనం ఉండేది. చెదలు పట్టి ముందుకాళ్లు రెండూ రాలిపోయాయి. తిరుణాలలో చివరి సాయంత్రం స్వామి గుర్రమెక్కాల్సి ఉండగా, కొన్నేళ్లుగా మామూలు పల్లకీలోనే ఊరేగుతున్నాడు. గుడి కమిటీ పెద్ద ఆమె తమ్ముడు మునికృష్ణ. కొత్త గుర్రం చేయించమని బావను అడగని పండగ లేదు. "సామికి పల్లకీ సుఖంగా లేదని నీతో చెప్పినాడా?" అని పరంధామయ్య కసరని పండగా లేదు.

అలాంటి మనిషి ఎవరికీ తెలియకుండా గుర్రం చేయించాడు! ఆమె కొంగుతో ముక్కు చీది, వెంటనే మునికృష్ణకు ఫోన్ చేసింది. గుప్తంగా ఉంచమని చెప్పింది కూడా. మునికృష్ణ గుప్తంగా గుడి మైకులో చెప్పాడు.

రేణిగుంట రోడ్డు షోరూములో పరంధామయ్యకు కోపమెక్కే పని అప్పటికే మొదలైంది. గుమ్మంలో ఉన్న మనిషి, "తాతా, మనవడికా బండి?" అన్నాడు. లోపలున్న ఇంకొకడు, ఏమీ అడక్కుండానే కాళ్లు పెట్టుకునే చోటు వెడల్పుగా ఉన్న స్కూటరు దగ్గరికి నడిపించాడు.

"కూరగాయల సంచి గూడా పెట్టుకోవచ్చు సార్."

"నేను గోవాకు కూరగాయలు అమ్మేదానికి పోవడం లేదు," అన్నాడు పరంధామయ్య.

వెనకే వచ్చిన రాజారత్నం పకపకా నవ్వాడు. అతను చర్చి స్కూల్లో డ్రిల్లు మాస్టరుగా రిటైరయ్యాడు. వెదురుబొంగులా పొడుగు, అంతే సన్నం. ఎడమ మోకాలు గేర్లు మార్చడానికి ఒప్పుకోదు కాబట్టి ప్రయాణమంతా వెనక సీటే తనదని ముందే ఒప్పందం చేసుకున్నాడు.

ఈలోగా రూపేష్ పరుగెత్తుకొచ్చాడు. "సార్, ఫోన్ జేస్తే అమ్మగారు ఎత్తినారు."

పరంధామయ్య అతణ్ణి పక్కకు లాగాడు. "బైకన్నావా?"

"ప్రమాణంగా అన్లేదు సార్. వాహనమనే చెప్పినా. శానా గౌరవంగా మాట్లాడినారు. ఏడ్చినట్టు గూడా ఉండాది సార్."

"ఏడ్చిందా?"

ఆ మాట లోపల ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. కానీ అప్పటికే ఎదురుగా ఎర్రటి బండి మెరుస్తోంది. పరంధామయ్య కాలెత్తి ఎక్కాడు. సీటు మెత్తగా ఉంది. హ్యాండిల్ చేతికి తగ్గ ఎత్తులో ఉంది. అన్నీ అతను చదివినట్టే ఉన్నాయి. కాళ్లు మాత్రం నేల మీద లేవు. బొటనవేళ్ల కొసలు గ్రానైటును తాకీ తాకనట్టు ఆడుతున్నాయి.

"సీటు కొంచెం కిందికి దించుకోవచ్చు సార్," అన్నాడు రూపేష్ మెల్లగా. "మీ ఎత్తుకు..."

"నా ఎత్తుకేమైంది? ఈ ఎత్తుతోనే కరెంటు స్తంభాల పక్కన ముప్పై ఏండ్లు నిలబడినా. ఎత్తెక్కువ నాకు గాదు, బండికి."

"అదే సార్, బండినే దించుతామంటా ఉండా."

"ఏం దించొద్దు. రత్నం, ఎనక ఎక్కు."

రాజారత్నం ఎక్కాడు. బండి ఒక వెంట్రుకవాసి దిగింది. ఇప్పుడు పాదాలు సగం దాకా ఆనాయి. "చూసినావా? సరిపోలా?" అన్నాడు పరంధామయ్య. మెయిన్ రోడ్డు మీద పోతుంటే బండి వెన్నలా సాగింది. గాలి అద్దానికి తగిలి తలమీదుగా పోయింది. నడుము నోరు మూసుకుంది. అక్కడికక్కడే సంతకాలు పెట్టాడు. శనివారానికల్లా నంబరుతో సహా అప్పజెప్తామని రూపేష్ మాటిచ్చాడు.

ఇక మిగిలింది ఇంటికి వెళ్లడం. అది గోవాకు వెళ్లడం కన్నా కష్టం.

గుమ్మంలోనే నెయ్యి వాసన కొట్టింది. చంద్రకాంతమ్మ పట్టుచీర కట్టుకుని, విస్తరిలో ఓళిగలు పెట్టుకుని కూర్చుంది. పరంధామయ్య చెప్పు విప్పబోయి ఆగిపోయాడు. పారిపోయే ఉద్దేశం ఇంకా ఉంది.

"మీ వాహనం సంగతి నాకు తెలిసిపోయింది," అంది ఆమె. కోపమొస్తేనో, మరీ ప్రేమొస్తేనో తప్ప ఆమె నోట 'మీ' రాదు. పరంధామయ్య కళ్లు మూసుకున్నాడు.

"ఇంత మంచిపని నాకెందుకు దాచినావయ్యా? నేను వద్దంటానా?"

అతను కళ్లు తెరిచాడు. "వద్దనవా?"

"ఎందుకంటా? పుణ్యం గదా!"

పుణ్యమంటే యాత్రలు కాబోలు అనుకున్నాడు పరంధామయ్య. ఆ వెంటనే ఒళ్లు మండింది. ఆరు నెలలు! ఆరు నెలలు బాత్రూములో ఫోను పెట్టుకుని బండ్ల బొమ్మలు చూసిన మనిషికి, అడిగుంటే సరిపోయేదని ఇప్పుడా తెలిసేది?

"రంగేంది?" అంది ఆమె, ఓళిగ మీద నెయ్యి పోస్తూ.

"ఎరుపు."

"తెలుపయితే బాగుండు."

"తెలుపు మాసిపోతాది."

"అదీ నిజమేలే. శనివారం సాయంత్రం మా ఊరికి తెచ్చేస్తావా? తిరుణాల ఆఖరు రోజు. మేళతాళాలతో ఎదురొస్తారంట. ఊరేగింపు గూడా ఉండాది. నీకు దండేస్తారు."

బండి కొంటే ఊరేగింపు! పరంధామయ్యకు ముందు వింతగా అనిపించింది, తర్వాత న్యాయంగానే అనిపించింది. రిటైరైన రోజున ఆఫీసువాళ్లు అంతకుముందు ఎవరికో వేసిన ప్లాస్టిక్ దండనే వేసి పంపారు. అత్తగారి ఊళ్లో ఇంత రుచి తెలిసిన జనం ఉన్నారని ఇన్నేళ్లూ గమనించలేదు.

"వస్తా," అన్నాడు.

"మొదట సామి ఎక్కాల. ఆ తర్వాతే ఏదైనా."

ఓళిగ గొంతులో ఇరుక్కుంది. ఆ ఊళ్లో పూజారిని అందరూ సామి అనే పిలుస్తారు. ఆయన కూర్చుంటే మండపం అరుగు నిండిపోతుంది. "సామా? కొనింది నేనైతే సామి ఎక్కేదేంది?"

"నువ్వెక్కుతావా మరి? ఎగతాళికైనా అట్లాంటి మాటలనొద్దు, లెంపలేసుకో!"

"ఆయన బరువెంతుంటాదో నీకు తెల్సా?"

"తెలీకేం? నలుగురు మోస్తే గాని లేవడు. మా ఊరి సామి మహత్యమే అది."

"నేనూ అదే గదా చెప్తా ఉండేది! షాకబ్జార్లు పోతాయి!"

ఆ చివరి మాట ఆమెకు అర్థం కాలేదు. శిల్పులు వాడే మాటేదో అయి ఉంటుందనుకుంది. సరిగ్గా అప్పుడే మునికృష్ణ ఫోన్ వచ్చింది.

"బావా! నీ కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవాల! ఇంగ నువ్వేం దిగులుపడొద్దు. దాన్ని భద్రంగా మండపంలో పెట్టి, గుడ్డ కప్పి, తాళం యేసి తాళంచెవి నా మొలతాడుకు కట్టుకుంటా. ఏడాదికి ఒక్కసారే బయటికి తీసేది."

"ఏడాదికి ఒక్కసారా? ఎవుర్రా నువ్వు, నా వాహనానికి తాళమేసేదానికి? నేను దాన్ని కన్యాకుమారి తీసుకపోవాల!"

అవతల మునికృష్ణ ఆలోచనలో పడ్డాడు. "ఆ ఊరి ఉత్సవానికి గూడా ఇస్తానని మొక్కుకున్యావా బావా? వద్దు బావా. దూరం పోతే కాళ్లు ఇరుగుతాయి."

"నా కాళ్ల సంగతి నువ్వు మాట్లాడొద్దు!" అని అరిచి ఫోన్ విసిరేశాడు పరంధామయ్య. షోరూము నుంచి అగరంకండ్రిగ దాకా అందరికీ తన కాళ్ల మీదే కన్ను. బామ్మర్ది బండిని మింగేయాలని చూస్తున్నాడు, అది స్పష్టం. కానీ పోకుండా ఉంటే భార్య మనసు మారొచ్చు. పోవాలి, దండ వేయించుకోవాలి, బామ్మర్ది తాళం తీసేలోపే బండి తిప్పుకుని వచ్చేయాలి. ఇదీ కొత్త పథకం.

ఏర్పాట్లు చూసుకోవడానికి చంద్రకాంతమ్మ గురువారమే బస్సులో పుట్టింటికి వెళ్లింది. అందుకే శనివారం మధ్యాహ్నం ఎర్రటి బండి మీద నల్లటి హెల్మెట్లు పెట్టుకుని ఇద్దరు రిటైరైన పెద్దమనుషులు పుత్తూరు రోడ్డెక్కడం ఆమె చూడలేదు.

అగరంకండ్రిగ మలుపులో పరంధామయ్య బ్రేకు వేశాడు. రోడ్డుకు అడ్డంగా, రెండు వేపచెట్ల మధ్య లారీ అంత ఫ్లెక్సీ కట్టారు. అందులో పరంధామయ్య రేషన్ కార్డు ఫోటో, పక్కన ముందుకాళ్లెత్తి ఎగురుతున్న తెల్ల గుర్రం. వేగానికి గుర్తుగా వేసుంటారని అతను సంతోషించాడు. కళ్లజోడుకు హెల్మెట్‌లో ఆవిరి పట్టి అక్షరాలు మాత్రం కనిపించలేదు.

"ఏమని రాసినారు రత్నం?"

రాజారత్నం చదివాడు. "గుప్తదాన శిరోమణి, అశ్వవాహన దాత శ్రీ పరంధామయ్య గారికి స్వాగతం. దాతంట పరంధామా."

"దాత గాదు, తాత అని రాసింటారు. సరిగ్గా చూడు. నన్ను తాత అనకపోతే ఈ జిల్లాలో ఎవురికీ పొద్దుపోదు!"

"లేదప్పా, దాతే. అశ్వవాహనమంట. పరంధామా, నువ్వు వీళ్లకు గుర్రమేమన్నా ఇస్తానన్యావా?"

పరంధామయ్య జవాబు చెప్పే వేళకు ఊరు ఎదురొచ్చేసింది. ముందర నాదస్వరం, డోలు. వెనక హారతి పళ్లాలతో ఆడవాళ్లు. మధ్యలో గులాబీ దండ పట్టుకుని మునికృష్ణ. దండ గబగబా బావ మెడలో పడింది. తర్వాత మునికృష్ణ పక్కకు జరిగి, మడమలెత్తి, ఖాళీ రోడ్డు కొస దాకా చూశాడు.

"లారీ ఎనకాల వస్తా ఉండాదా బావా?"

"ఏం లారీ?"

"వాహనం తెచ్చే లారీ."

"వాహనం ఇదే గదరా," అన్నాడు పరంధామయ్య, ట్యాంకు మీద చెయ్యి వేసి.

డోలు ఆగింది. నాదస్వరం మాత్రం విషయం ఆలస్యంగా తెలిసి, కాసేపు ఒంటరిగా పాడి, సిగ్గుపడి ఊరుకుంది. జనంలోంచి ఒక ముసలమ్మ ముందుకొచ్చి బండి ముందు దీపాన్ని తట్టి చూసింది. "ఇదేమప్పా, గుర్రానికి తల యాడ?"

మునికృష్ణ ముఖం హారతి పళ్లాల్లోని కుంకుమ రంగుకు మారింది. "బావా! సామిని అలంకారం జేసి, నడుముకు కత్తి కట్టి, మండపంలో కూర్చోబెట్టినాం! చుట్టుపక్కల ఊళ్లన్నీ వచ్చి ఉండాయి! గుర్రమిస్తానని మోటారు సైకిలెక్కి వస్తావా?"

"ఎవుడ్రా గుర్రమిస్తానన్నది? నా నోటితో అన్నానా? నేను నీకు అన్ని పండగలకూ చెప్పింది ఒకటే మాట గదా, ఇవ్వనని!"

"డెబ్బై గుర్రాలని అక్కతో చెప్పించినావు గదా!"

"ఆ డెబ్బై ఇంజన్లో ఉండాయి!"

"అయితే తియ్యి! ఒకటి తీసి ఇయ్యి చాలు!"

రాజారత్నం సర్దిచెప్పబోయాడు. "తమ్ముడూ, అవి తీస్తే వచ్చేవి గాదు..." ఎవరూ వినలేదు. ఊరంతా ఒకేసారి మాట్లాడుతోంది. గుప్తదానమంటే అసలేమీ ఇవ్వకపోవడమన్నమాట అని ఒకరన్నారు. టౌనువాళ్లంతా ఇంతేనని ఇంకొకరన్నారు. పరంధామయ్య మెడలో దండతోనే అరుస్తున్నాడు. తనను అడక్కుండా తన ఫోటో వేసిందెవరు? తను ఇవ్వని దానం ఇచ్చినట్టు రాసిందెవరు? ఒక పెద్దమనిషి రోడ్డు మీద తన బండి తాను నడపడం కూడా నేరమేనా?

అప్పుడు మునికృష్ణకు ఒక ఆలోచన వచ్చింది. ప్రమాదం ఎప్పుడూ అలాగే వస్తుంది. "గుర్రం లేకుంటే పోయె. వాహనమన్యాడు, తెచ్చినాడు. దీన్నే కట్టండి! పూలు తెండి! తాళ్లు తెండి! సామిని దీనిమింద కూర్చోబెట్టి తోసుకుంటా పోదాం!"

బంతిపూల దండలు వచ్చేశాయి. హ్యాండిల్‌కు అరటాకు కట్టారు. ముసలమ్మ దీపం మీద పసుపు పూసింది. ఇద్దరు పరంధామయ్యను చంకల్లో చేతులేసి బండి దించారు. రోడ్డు పక్కనే ఉన్న మండపం మెట్ల మీదికొచ్చిన పూజారిని, ఇది చెల్లుతుందా అని మునికృష్ణ అడిగాడు.

పూజారి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "నీళ్లు చల్లి మంత్రం చెప్తే చెల్లకేం? కొయ్యయినా ఇనుమైనా సామికి ఒకటే. కానీ ఒక మాట. సామి ఒకసారి ఎక్కినాడంటే అది సామి వాహనం. మళ్లా జన్మలో మనిషనేవాడు దాన్ని ఎక్కకూడదు."

"ఇంకా మంచిది!" అన్నాడు మునికృష్ణ. మొలతాడులో తాళంచెవి గలగలమంది.

పరంధామయ్యకు కన్యాకుమారి కనిపించింది. పడమటి సముద్రం, కొబ్బరిచెట్లు, గోవా, అన్నీ బంతిపూల కింద కప్పబడి, ఏడాదికి ఒక్కరోజు తప్ప తాళం వెనక ఉండిపోతున్నాయి. నలుగురు మనుషులు మండపంలోంచి స్వామిని లేపుతున్నారు. చెంబులోని నీళ్లు పూజారి చేతిలోకి వచ్చాయి.

"ఆపండి!" అని అరిచాడు పరంధామయ్య. ఊరు ఉలిక్కిపడింది. "గుర్రం నేనిస్తా! కొయ్య గుర్రం! ముందుకాళ్లతో సహా! నా బండి మింద చుక్క నీళ్లు పడనియ్యొద్దు!"

డోలు వాయించేవాడు మొట్టమొదట తేరుకుని ఒక దెబ్బ వేశాడు. ఊరంతా గోవింద కొట్టింది. ఫ్లెక్సీలోని మాట అబద్ధం కాకుండా పోయింది. స్వామి ఆ ఏడాదికి కూడా పల్లకీలోనే కదిలాడు.

కానీ అసలు కోర్టు ఇంకా మొదలు కాలేదు. హారతి పళ్లెం పట్టుకుని అంతసేపూ కదలకుండా నిలబడ్డ చంద్రకాంతమ్మ, జనం పల్లకీ వెంట వెళ్లిపోయాక, నెమ్మదిగా బండి దగ్గరికి వచ్చింది.

"బైకు," అంది ఆమె.

"నువ్వు వద్దంటావని..."

"వద్దనే అంటా. దాని సంగతి తర్వాత." ఆమె చూపు బండి వెనక్కి మళ్లింది. అక్కడ రాజారత్నం హెల్మెట్ చంకలో పెట్టుకుని, ఏ దిక్కుకు పారిపోవాలా అని చూస్తున్నాడు. "దీనికి ఎనక సీటు గూడా ఉండాదా?"

"ఉండాది."

"కన్యాకుమారికి ఆ సీట్లో ఎవురు పోతా ఉండారు?"

రాజారత్నం హెల్మెట్‌ను వీపు వెనక్కి దాచుకున్నాడు.

"పెండ్లయినప్పటి నుంచి నన్ను తిరుచానూరు దాటించినావా నువ్వు? అదిగూడా బస్సులో! ఇప్పుడు సముద్రం చూసేదానికి రత్నమన్న కావాల్సొచ్చినాడా? గుర్రం లేకుంటే సామి ఊరుకుంటాడేమో, నేను ఊరుకోను. అన్నా, ఆ టోపీ ఇట్లియ్యి."

"చెల్లెమ్మా, ఇది ఆరు నెలల ఒప్పందం..." అంటూనే రాజారత్నం హెల్మెట్ ఇచ్చేశాడు. డ్రిల్లు మాస్టరుకు ఆజ్ఞ తెలుసు. ఆ రాత్రి బస్సులో తిరుపతికి ఒంటరిగా వెళ్లాడు, ఒళ్లో రోడ్డు మ్యాపుతో. ఆ తర్వాత వారం పాటు పరంధామయ్య ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

సోమవారం పొద్దున గుర్రానికి ఆర్డరివ్వడానికి శ్రీకాళహస్తి వైపు, కొయ్యశిల్పులుండే మాధవమాలకు బయల్దేరారు. పరంధామయ్య ముందెక్కి మునివేళ్ల మీద ఊగుతూ నిలబడ్డాడు. చంద్రకాంతమ్మ కొప్పులోని మల్లెపూలు తీసి సంచిలో వేసుకుని, హెల్మెట్ తగిలించుకుని, అతని భుజం పట్టుకుని ఎక్కి కూర్చుంది. ఆమె రాజారత్నంలా వెదురుబొంగు కాదు. బండి ఒక్కసారి నిట్టూర్చి కిందికి దిగింది.

పరంధామయ్య కిందికి చూశాడు. రెండు పాదాలూ, మడమలతో సహా, నేల మీద ఉన్నాయి.

ఆమె దిగితే మళ్లీ వేళ్లే. ఇక గోవాకైనా, పక్క వీధికైనా ఈ బండి ఆమె లేకుండా కదలదని అతనికి అర్థమైంది. షోరూములో ఎవరూ చెప్పని సంగతి ఇది. ఎవరి మీద మండిపడాలో కూడా తెలియలేదు.

"ఏమయ్యా, కదిలేదుందా?" అంది వెనకనుంచి. "ఆవులొస్తే హారన్ కొట్టు. పోయినసారి కొట్టింటే పడేవాడివి గాదు."

మాధవమాలలో శిల్పి కొలతలు రాసుకోవడానికి పెన్సిలు తీసి, గుర్రం ఎంత ఎత్తు పెట్టమంటారని అడిగాడు.

"ఎంతన్నా పెట్టుకో," అన్నాడు పరంధామయ్య. "సామికి కాళ్లు నేలకు ఆనించాల్సిన ఖర్మ లేదు."